సవరణ: లిటరేచర్ రివ్యూ గురించి ముందు చెప్పినదాంట్లో రెండు తప్పులు

మొన్న లిటరేచర్ రివ్యూ (మన టాపిక్ మీద ఇప్పటికే వచ్చిన పరిశోధనల సమీక్ష) ఎలా రాయాలో చెప్తూ, గూగుల్ స్కాలర్‌లో సైటేషన్లు ఎక్కువున్న పేపర్లు కళ్ళు మూసుకుని తీసేసుకోండి అని రాశాను కదా, ఆ ముక్క కొట్టేయండి, తప్పు నాదే. సైటేషన్ అంటే ఎవరో ఆ పేపర్ పేరెత్తారు అంతే, మెచ్చుకున్నారో ఉతికి ఆరేశారో ఆ నంబర్ చెప్పదు. 1998లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకీ ఆటిజంకీ ముడిపెట్టిన పేపర్ వచ్చింది, చూసింది 12 మంది పిల్లల్ని, 2010లో జర్నలే దాన్ని వెనక్కి తీసుకుంది, అయినా సైటేషన్లు వేలల్లో ఉన్నాయి, చాలామటుకు అది తప్పని చెప్పడానికే! అందుకే ముందు జర్నల్ పేజీలోకెళ్లి రిట్రాక్టెడ్ (అంటే వెనక్కి తీసుకున్నారు) అని ఉందేమో చూడండి, తర్వాత గూగుల్ స్కాలర్‌లో 'సైటెడ్ బై' నొక్కి వెనకొచ్చినవాళ్లు ఏమన్నారో ఓ నాలుగైనా చదవండి.

ఇంకోటి, ప్రిస్మా డయాగ్రామ్ (ఎన్ని పేపర్లు దొరికాయి, ఎన్ని తీసేశాం, ఎన్ని మిగిలాయి అని చూపించే బొమ్మ) తప్పనిసరి అన్నాను, అది సిస్టమాటిక్ రివ్యూలకి (ముందే పెట్టుకున్న పద్ధతి ప్రకారం పేపర్లన్నీ వెతికి చేసే సమీక్షలకి), ప్రిస్మా మార్గదర్శకాల 2020 వెర్షన్‌లో చెక్‌లిస్టే 27 అంశాలు, స్టూడెంట్ పేపర్‌లో రెండు పేజీల రివ్యూకి అంత హంగామా అక్కర్లేదు, గైడ్ పట్టుబడితే తప్ప. పేపర్‌కో పేరా కాకుండా విషయం వారీగా రాయమన్నది మాత్రం అలాగే ఉంచుకోండి.