నాలుగున్నరకి బస్సు

ప్రాగ్‌లో మూడు రోజులుండేసరికి చార్లెస్ వంతెన మొహం మొత్తుతుంది. వంతెన మీద విగ్రహాలు, విగ్రహాల కింద జనం, జనం చేతుల్లో సెల్ఫీ కర్రలు. సరిగ్గా అప్పుడే హోటల్ కౌంటరు మీది రంగుల కరపత్రం కంటపడుతుంది. ‘ఒక్క రోజులో చెస్కీ క్రుమ్లోవ్! మధ్యయుగపు కోట ఊరు, గైడుతో సహా.’ ఫొటోలో ఎర్ర పెంకుల కప్పులు, వాటిని చుట్టేసిన నది, పైన గుండ్రటి బురుజు. మనిషన్నవాడు ఒక్కడు లేడు. అది ఏ తెల్లవారుజామునో తీసిన ఫొటో. ఒక్కరోజు యాత్రకి వెళ్లేవాళ్లు ఆ వేళకి అక్కడ ఉండరు. ఇంకా ప్రాగ్‌లో గైడుకి ఫోన్ చేస్తూ ఉంటారు.

ఆ ఫోను వెనక ఒక కారణముంది. క్రుమ్లోవ్‌కి వెళ్లే మామూలు సర్వీసు బస్సులు చాలావరకు ఆందెల్ మెట్రో పక్కన నా క్నీజెట్సి బస్టాండు నుంచి బయల్దేరతాయి. ఇంటర్నెట్టులో వెతికితే ముందు దొరికే పేరు అదే. గైడుతో వెళ్లే బృందాల బస్సులేమో ఊరి మధ్యలో, టికెట్టు మీద చిన్న అక్షరాల్లో రాసిన చోట ఆగుతాయి. టికెట్టు మీది చిన్న అక్షరాలు చదివే అలవాటు సెలవుల్లో ఎవరికీ ఉండదు. కాబట్టి ప్రతి బృందంలోనూ ఓ జంట నా క్నీజెట్సిలో నిలబడి, ‘మేం వచ్చేశాం, మీరే కనబడట్లేదు’ అని గైడునే దబాయిస్తుంది. ఎనిమిదిన్నర బస్సు తొమ్మిదింటికి కదులుతుంది.

క్రుమ్లోవ్ దక్షిణ బొహీమియాలో ఉంది, ప్రాగ్ నుంచి సుమారు 170 కిలోమీటర్లు. దారి బాగుంటే రెండున్నర గంటలు, లేకపోతే మూడు. మధ్యలో ‘ఇరవై నిమిషాలు మాత్రమే’ అని ఓ పెట్రోలు బంకు దగ్గర ఆపుతారు. యాభై మందికి బాత్రూములు నాలుగు. ఇరవై నిమిషాలనేది డ్రైవరు ఆశ మాత్రమే. ఇక్కడో మాట: చాలాచోట్ల బాత్రూముకి డబ్బులివ్వాలి, గేటు దగ్గర నాణాలే అడుగుతుంది. చెక్ రిపబ్లిక్‌లో చెల్లేది కొరునా, యూరో కాదు. రెండు వేల కొరునాల నోటు పట్టుకుని ఆ గేటు ముందు నిలబడ్డవాళ్ల ముఖకవళికలు చూసి తీరాలి. పది, ఇరవై కొరునాల నాణాలు ఓ గుప్పెడు జేబులో ఉంచుకోండి.

ఇలా మొత్తానికి పన్నెండున్నరకి దిగుతారు. గైడు చెప్పే మొదటి వాక్యం: ‘తిరుగు బస్సు నాలుగున్నరకి. నాలుగు ముప్పై ఐదుకి కాదు.’ అందరూ నవ్వుతారు. గైడు నవ్వడు. క్రుమ్లోవ్‌లో పర్యాటక బస్సులు ఎక్కడపడితే అక్కడ ఆగడానికి వీల్లేదు. 2019 నుంచి ముందే బుక్ చేసుకుని, రుసుము కట్టి, నిర్ణయించిన స్టాపుల్లోనే జనాన్ని దించాలి, ఎక్కించుకోవాలి. దించగానే బస్సు వేరేచోటికి వెళ్లిపోయి, ఎక్కించుకునే వేళకి మళ్లీ వస్తుంది. అంటే ‘బస్సులో కూర్చుందాం లెండి’ అని ముందుగా వెళ్తే అక్కడ బస్సు ఉండదు. ఆలస్యంగా వెళ్లినా ఉండదు.

తర్వాత ఇయర్‌ఫోన్ పెట్టెలు పంచుతారు. మెళ్లో వేలాడే చిన్న రిసీవరు, దాని పక్కన ఛానెల్ మార్చే చక్రం. గైడు మైకులో గొణిగితే మన చెవిలో వినబడుతుంది. బాగానే ఉంటుంది, ఆ చక్రానికి చొక్కా గుండీ తగిలేదాకా. తగిలిందంటే క్షణంలో స్పానిష్ బృందంలో చేరిపోతాం. ఒక పెద్దాయన మొదటి ముంగిట్లోనే అలా చేరిపోయి, ఇరవై నిమిషాలపాటు శ్రద్ధగా తలూపుతూ నడిచాడు. ‘ఏమంటున్నాడండీ?’ అని వాళ్లావిడ అడిగితే, ‘చరిత్ర చెబుతున్నాడులే’ అన్నాడు. పైగా ఆ పెట్టెకి గైడు కనిపిస్తుండాలి. మందపాటి రాతి గోడ మలుపు తిరిగితే చెవిలో బరబర తప్ప ఇంకేం వినబడదు. మలుపులు లేని వీధి ఈ ఊళ్లో దాదాపు లేదు.

ఛానెల్ సరిగ్గా ఉన్నవాళ్లు విన్నదేమిటంటే: కోటకి పునాది 13వ శతాబ్దంలో పడింది. 1302లో రోజంబెర్క్ వంశం చేతికొచ్చింది. వాళ్ల గుర్తు అయిదు రేకుల గులాబీ, ఊరంతా కనిపిస్తుంది. ఆ వంశంలో చివరివాడు పీటర్ వోక్ అప్పులపాలై 1602లో రుడాల్ఫ్ చక్రవర్తికి కోటని అమ్మేశాడు. ఆపైన 1622 నుంచి ఎగ్గెన్‌బర్గులు, 1719 నుంచి ష్వార్జెన్‌బర్గులు. అయిదు ముంగిళ్లు, నలభై దాకా భవనాలు. ఈ దేశంలో ప్రాగ్ కోట తర్వాత ఇంత పెద్ద కోట సముదాయం ఇదే. 1992లో యునెస్కో జాబితాకెక్కింది. గైడు ఇదంతా ఎలుగుబంట్ల కందకం దాటేలోపు చెప్పేస్తాడు. కందకం వచ్చాక ఎవరూ వినరని అతనికి తెలుసు.

మొదటి ముంగిలికీ రెండోదానికీ మధ్య కందకంలో నిజమైన ఎలుగుబంట్లుంటాయి. వందల ఏళ్ల ఆచారం. రోజంబెర్కులు తాము ఇటలీలోని ఓర్సీని వంశానికి చుట్టాలమని చెప్పుకునేవారు, ఓర్సీనీల పేరులోనే ఎలుగుబంటి ఉంది. చుట్టరికానికి సాక్ష్యంగా ఎలుగుల్ని పెంచారన్నమాట. చుట్టరికం నిజమో కాదో గానీ ఎలుగుల తిండి ఖర్చు మాత్రం నిజం. వేసవి మధ్యాహ్నం అవి నీడలో పడుకుని ఉంటాయి. గోడ మీంచి వంగి చూస్తే కొంచెం గోధుమరంగు కనిపిస్తుంది. అది ఎలుగా, మోడా అన్న చర్చలో పదిహేను నిమిషాలు పోతాయి. లేపడానికి తినేవేమీ విసరొద్దు, నిషేధం.

రెండింటికి గైడు గొడుగు ముడిచి, ‘ఇక మీ ఇష్టం’ అంటాడు. చేతిలో రెండున్నర గంటలు. అందరికీ ఒకటే ఆలోచన: కోట లోపల చూద్దాం. గైడుతో వచ్చిన యాత్ర కదా, లోపలికి టికెట్టు ఉండే ఉంటుందనుకుంటారు. ఎక్కువ యాత్రల్లో ఉండదు. ముంగిళ్లలో తిరగడం ఉచితం, లోపలి గదులకి మాత్రం కోటవాళ్ల టికెట్టు, కోటవాళ్ల గైడు. సొంతంగా తిరగనివ్వరు. ఇంగ్లిష్ బృందాలకి వేళలు నిర్ణయించి ఉంటాయి, వేసవిలో తొందరగా నిండిపోతాయి. రెండు గంటల పదికి వరుసలో నిలబడితే మూడున్నర బృందంలో చోటుందంటారు. బృందానికి గంట పడుతుంది. నాలుగున్నరకి సరిగ్గా ముగుస్తుంది, కోట లోపల! తెలిసినవాళ్లు చేసే పని చెక్ భాష బృందంలో దూరడం. అవి తరచుగా బయల్దేరతాయి, టికెట్టు కూడా తక్కువ, చేతికి మరో భాషలో అచ్చువేసిన కాగితాలిస్తారు. గైడు చెప్పే జోకులకి పక్కవాళ్లతోపాటు నవ్వితే సరి.

రెండు మార్గాలుంటాయి. ఏదో ఒకటే చూసే వీలుంటే మొదటిదే తీసుకోండి. రెండోదాంట్లో ష్వార్జెన్‌బర్గుల చిత్రపటాలు, 19వ శతాబ్దపు గదులు. వాళ్ల మేనత్తల మొహాలన్నీ చూసే ఓపిక మీకుంటే అది మీ ఇష్టం. మొదటిదాంట్లో బంగారు రథం ఉంది. రోములోని పోప్‌కి కానుకలు మోసుకెళ్లడానికి 1638లో చేయించి, ఆ పని అయ్యాక పక్కన పెట్టేశారు. దాన్ని మించింది మాస్కెరేడ్ హాలు. 1748లో యోసెఫ్ లెడరర్ అనే చిత్రకారుడు గోడల నిండా మారువేషాల జనాన్ని నిలబెట్టాడు. ఒకడు బాల్కనీలోంచి తొంగిచూస్తాడు, ఒకామె మన వెనక ఎవరినో చూస్తుంది. లెడరర్ తనని తాను కూడా వేసుకున్నాడు, తాపీగా కాఫీ తాగుతూ. ఒక్కరోజు యాత్రలో తీరిగ్గా కాఫీ తాగగలిగిన మనిషి ఆయనొక్కడే. లోపల ఫొటోలు తీయనివ్వరు.

సోమవారం వెళ్తే ఇవేవీ లేవు. లోపలి గదులకి ఆ రోజు సెలవు. 1766 నాటి బరోక్ నాటకశాల తెరలతో, యంత్రాలతో సహా మిగిలి ఉంది, అది మే నుంచి అక్టోబరు దాకానే. కరపత్రం ఈ సంగతులు చెప్పదు. వారం ఏదైనా బొమ్మ అదే.

టికెట్టు దొరకనివాళ్లు బురుజెక్కుతారు. దానికి విడి టికెట్టు, మెట్లు 162. బయట కనిపించే రాతి పనితనంలో చాలాభాగం రాయి కాదు, 1590లో వేసిన రంగులు. పెద్దాయన గోడ నిమిరి చూసి మోసమన్నాడు. ఆవిడ కింద బెంచీ మీద కూర్చుంది. పైనుంచి చూస్తే కరపత్రంలోని బొమ్మే. వ్లతావా నది చుట్ట చుట్టుకున్న పాములా ఊరిని తనలో పెట్టుకుని పడుకుంది. ఆయన ఫొటోలు తీశాడు గానీ ఆ మెలికలు ఎటు తిరిగాయో చూడలేదు. అక్కడే చెడింది.

పాత ఊరు నది మెలికలో ఉంటుంది, దాదాపు మూడు వైపులా నీళ్లే. కోట, దాని కిందున్న లాత్రాన్ వీధి ఉత్తరం గట్టున. వీళ్ల టూరు బస్సు రావాల్సింది కూడా అటే. ఊళ్లోంచి అటు వెళ్లాలంటే లాజెబ్నిట్స్కీ వంతెన దాటాలి. చెక్క పలకల వంతెన, ఒక పక్క శిలువ, ఇంకో పక్క నెపోముక్ యోహాను అనే సాధువు విగ్రహం. దక్షిణాన బెనెష్ పేరుతో ఇంకో వంతెన ఉంది, అది ప్లెషివెట్స్ అనే వేరే పేటకి తీసుకెళ్తుంది. నది ఒకటే కాబట్టి ఏ వంతెన దాటినా నది దాటినట్టే ఉంటుంది. బురుజు ఎత్తు 54 మీటర్లు, ఏ గట్టునున్నా ఏ సందులోంచో కనిపిస్తుంది. దారి తప్పిన మనిషికి ధైర్యం చెప్పడానికి అంతకంటే ప్రమాదకరమైన వస్తువు లేదు.

మూడు గంటలకి దంపతులిద్దరూ నది ఒడ్డున భోజనానికి కూర్చున్నారు. కింద నదిలో తెడ్లేసుకుంటూ పోతున్న కుర్రాళ్లు ‘అహోయ్’ అని అరుస్తుంటే పెద్దాయన చెయ్యూపాడు. ఆర్డరు తీసుకోవడానికి పావుగంట, రావడానికి అరగంట, బిల్లుకి ఇంకో పావుగంట. బిల్లు దానంతటది రాదు, అడగాలి. ‘జప్లాతీమ్, ప్రొసీమ్’ అనాలి, అదీ ఆఖరి ముద్దకి ముందే. వాళ్లు లేచేసరికి నాలుగుంబావు.

‘ఏవండీ, ఇందాకటి వంతెన పలకలది కదూ? శిలువ కూడా ఉంది.’

‘నది దాటామా, లేదా?’

‘దాటాం.’

‘కోట కనిపిస్తోందా, లేదా?’

‘కనిపిస్తోంది. మన వెనక.’

‘మరింకేం, నడు.’

గులకరాళ్ల వీధి. ఎక్కడం మొదలైతే మడమలకి తెలుస్తుంది, వాన పడితే మోకాళ్లకి తెలుస్తుంది. చదునైన అడుగున్న బూట్లు జారతాయి, చక్రాల సూట్‌కేసులు ఏడుస్తాయి. ప్లెషివెట్స్ ఎత్తు ఎక్కి, అక్కడో చెక్ ముసలావిడని ఆపి, ‘బస్సు’ అని అడిగారు. ఆవిడ ఎంతో మర్యాదగా ఆటోబుసొవే నాద్రజీకి, అంటే ఊరి బస్టాండుకి, దారి చూపించింది. అడిగింది బస్సు, చూపించింది బస్టాండు, తప్పేముంది? మళ్లీ కిందకి దిగి, వంతెన దాటి, స్వోర్నోస్తి కూడలి మీదుగా హోర్నీ వీధి ఎక్కారు. టూరు బస్సు ఆ బస్టాండుకి రాదు. ఎందుకు రాదో గైడు దిగగానే చెప్పాడు, స్పానిష్‌లో కాదు.

బస్టాండుకి చేరేసరికి అయిదయింది. టూరు బస్సు వెళ్లిపోతే చెయ్యాల్సింది ఇదీ: అక్కణ్ణుంచే ప్రాగ్‌కి సర్వీసు బస్సులున్నాయి. సీటు ముందే ఫోనులో బుక్ చేసుకోవాలి, వేసవి సాయంత్రాల్లో డ్రైవరు దగ్గర ఖాళీ మిగలకపోవచ్చు. కోట వైపున్నవాళ్లు బస్టాండుదాకా రానక్కర్లేదు, వాళ్లకి ష్పిచాక్ అనే స్టాపు దగ్గరవుతుంది. బస్సు దొరక్కపోతే రైలుంది. స్టేషను ఊరికి ఉత్తరాన ఎత్తు మీద, నడవాలి. ఎక్కువగా చెస్కే బుదెయొవిత్సెలో బండి మారాలి. ముందుగా మాత్రం గైడుకి ఫోన్ చెయ్యాలి, లేకపోతే అతను ఆ వంతెన దగ్గరా ఈ వంతెన దగ్గరా మీ కోసం వెతుకుతూ ఉంటాడు.

వీళ్లకి రెండు సీట్లు దొరికాయి, ఒకటి ముందు, ఒకటి ఆఖరి వరసలో. ఆవిడ ముందు సీటు తీసుకుంది. అడగలేదు, తీసుకుంది. బస్సు కదిలాక గైడు నుంచి ఫోను.

‘క్షేమమేనా సార్?’

‘క్షేమమేనండీ. అయ్యో, మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టాం.’

‘పర్లేదు సార్. మెళ్లో పెట్టె ఉందా?’

పెద్దాయన తడుముకున్నాడు. ఉంది.

‘ఉంది.’

‘రెండూ ఉన్నాయా? ఒకటి పోతే నా జీతంలోంచి పట్టుకుంటారు.’

‘నాది నా దగ్గరే ఉంది,’ అన్నాడు పెద్దాయన, బస్సు పొడుగునా ఉన్న తలలమీదుగా ముందు సీటుకేసి చూస్తూ. ‘ఆవిడది ఆవిణ్ణి అడగాలి. ఓ అరగంట ఆగి అడుగుతాను.’