పాలపిట్టకు పాలు పట్టిన ఉగ్గుగిన్నె గారికి

లక్ష్మీసమానురాలైన మా ఇంటి వెండి ఉగ్గుగిన్నె గారికి,

మీ ముక్కున ఆముదం తాగి పెరిగినవాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీరు బీరువాలో పట్టుచీరల కింద క్షేమంగా ఉన్నారని తెలుసు, ఎందుకంటే అక్కడ పెట్టి తాళం వేసింది నేనే. కారణం చెప్పకుండా వేశాను గనక ఈ ఉత్తరం.

మీ సేవలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నాయనమ్మ పుట్టింటి నుంచి వచ్చింది మొదలు మా నాన్నకు వసకొమ్ము అరగదీసి పోశారు, మాకు ఆముదం పోశారు, అక్క పిల్లలకు గ్రైప్ వాటర్ పోశారు. మేం ఎంత కాళ్లు కొట్టుకున్నా, గుక్కపట్టి ఏడ్చినా మీరు చలించలేదు. మూడు తరాలు బతికి బట్టకట్టాయి. దాంతో మీకొక నమ్మకం ముదిరిపోయింది. నోరున్నదల్లా పసిబిడ్డే, నోరు తెరిస్తే ఆకలే.

దసరా పొద్దున ఇంటి వెనక పత్తి చేను గట్టు మీద పాలపిట్ట దొరికింది. కూర్చుంటే మట్టిరంగు, ఎగిరితే కళ్లు చెదిరే నీలం, అదే. కానీ ఎగిరే స్థితిలో లేదు. కుడి రెక్క వేలాడుతోంది. ఎడమ రెక్క ఈకలు కత్తెరతో కత్తిరించినట్టు సమంగా ఉన్నాయి. కాలికి పురికొస ముక్క. సంగతేమిటో మా వైపు ఎవరూ చెప్పనక్కర్లేదు. పండగనాడు పాలపిట్ట కనబడితే శుభం, పొలాల్లోకి పోయి వెతికే ఓపిక మనకు లేదు, అందుకని పట్టి తెచ్చి ఇంటి ముందుకే చూపించి డబ్బులు పుచ్చుకునేవాళ్లు తయారయ్యారు. ఆ పిట్టకు రాష్ట్రపక్షి హోదా ఉంది. తెలంగాణలోనే కాదు, కర్ణాటకలో, ఒడిశాలో కూడా. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2018 దాకా ఉండేది, ఆ తర్వాత కుర్చీ రామచిలుకకు ఇచ్చారు. హోదాకు పురికొస తెగుతుందా?

ఆ విధంగా పైసల దర్శనం నుంచి తప్పించుకున్న పిట్ట వచ్చి ఉచిత దర్శనంలో పడింది. అంటే మా ఇంట్లో.

తువ్వాల కప్పి పట్టుకున్నాను. మిక్సీ వచ్చిన అట్టపెట్టెకు గాలి రంధ్రాలు పొడిచి, పాత లుంగీ పరిచి అందులో పెట్టాను. అంతవరకు బుద్ధిగానే ఉన్నాను. అప్పుడు నాయనమ్మ మిమ్మల్ని పట్టుకొచ్చింది.

"ఇదేందే నాయనమ్మా?"

"పాలు."

"పిట్టకు పాలేంది?"

"పాలపిట్టరా అది. పేర్లనే పాలున్నయి. పాలు తాపకుంటే కల్లు తాపుతరా?"

ఈ తర్కానికి ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇంజనీరింగ్ చదివిన నా దగ్గర అసలే లేదు. పిట్టను కదలకుండా పట్టుకున్నది నేనే, దాని ముక్కు విడదీసింది నేనే. నేరంలో నా వాటా నేను ఒప్పుకుంటున్నాను, మీ వాటా మీరు చూసుకోండి.

మూడో చుక్కకు అది మెడ విదిలించింది. ముక్కు మొదట్లో ఉన్న సన్నటి రంధ్రంలోంచి తెల్లటి బుడగ ఒకటి వచ్చింది. ఉబ్బి, పగిలి, ఇంకొకటి వచ్చింది. నాయనమ్మ దాని నెత్తి మీద వేలితో తట్టి "ఎవరో తలుసుకుంటున్నరు" అంది. పిట్ట నోరు తెరిచి ఎగపోస్తోంది. "సూసినవా, ఇంకా అడుగుతున్నది." మీరు నాలుగో చుక్కకు వంగారు. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

మీకు తెలియని విషయం ఒకటుంది. పిట్టకు నాలుక మొదట్లోనే ఊపిరిగొట్టం మూతి ఉంటుంది. తనంతట తాను తాగితే సరే, మనం పోస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇక పాలంటారా, ఏ పిట్టకూ పొదుగు లేదు, పాలలో చక్కెరను అరిగించుకునే ఏర్పాటు దాని కడుపులో లేదు. కరెంటు తీగ మీద కూర్చొని మిడతలనూ పేడపురుగులనూ తొండ పిల్లలనూ పట్టి తినే జీవి అది. మిడతలు తాగించగల ముక్కు మీకు లేదు.

ఈలోగా వాడకట్టంతా తెలిసిపోయింది. జమ్మిచెట్టు కాడికి పోయేముందు మా గుమ్మంలో వరస. "మూత జెర తియ్యి బిడ్డా, సూసి పోతం." తీసినప్పుడల్లా పిట్ట మూలకు ఒదిగి, మెడ ఈకలు లేపి, గరగరా అరిచేది. దీవిస్తున్నదన్నారు. ఒక కాక రంధ్రంలోంచి జమ్మి ఆకు లోపలికి వేశాడు, బంగారమట. చిన్నాయన గాయానికి పసుపు తెచ్చాడు. ఒక పిల్లవాడు ఫ్లాష్ వేసి ఫొటో తీశాడు.

చివరికి తెలిసిన పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన మొత్తం విని ఒకే మాటన్నాడు. "మూత పెట్టి చీకట్ల ఉంచు. తిండి వద్దు, నీళ్లు వద్దు, మాటలు వద్దు. దాని లెక్కల మీరంత పిల్లులే."

ఆ రాత్రి అట్టపెట్టె ఏమీ చేయలేదు. నిమరలేదు, పోయలేదు, పలకరించలేదు. వెండిదానివి నువ్వెక్కడ, ఆ అట్టముక్క ఎక్కడ అని నాయనమ్మ మీ తరఫున వాదించవచ్చు. (మన్నించాలి, "నువ్వు" అన్నది ఆమె, నేను కాదు.) కానీ తెల్లారేసరికి బుడగలు ఆగాయి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 39వ సెక్షన్ ప్రకారం, అక్రమంగా పట్టిన అడవి పిట్ట ప్రభుత్వ ఆస్తి. చేతికి వస్తే 48 గంటల్లోగా పోలీస్ స్టేషన్‌లో గానీ అటవీ అధికారికి గానీ చెప్పాలి. ఇది వినిపిస్తే నాయనమ్మ "సర్కారుదైతే సర్కారు పాలు పోసిందా?" అంది.

మర్నాడు అటవీ శాఖ మనిషి బండి మీద వచ్చాడు. పెట్టె మూత ఇంకా తీయనేలేదు, ముక్కు ఎగబీల్చాడు. లుంగీ మీద ఒలికినవి విరిగి పులిసి ఉన్నాయి.

"పాలు పోసిండ్రా?"

అందరం ఫ్యాను వైపు చూశాం. నాయనమ్మ మిమ్మల్ని కొంగు కింద దాచింది. కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి వచ్చేదాకా ఇది ఎగరదని చెప్పి, పెట్టెతో సహా పట్టుకుపోయాడు. మిమ్మల్ని అడగలేదు.

ఇప్పుడు చెల్లెలికి ఏడో నెల. నాయనమ్మ రోజూ బీరువా తాళంచెవి అడుగుతోంది. చెల్లెలు చూపించుకునే ఆస్పత్రి గోడ మీద, ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా పట్టొద్దని పెద్దక్షరాలతో రాసి ఉంది. ఆ గోడ నాయనమ్మ ఇంకా చూడలేదు.

ఇట్లు,
తాళంచెవి మొలతాడుకు కట్టుకొని తిరుగుతున్న
మీ మనవడు