మిక్సర్ కొనే ముందు కళ్ళు మూసుకోండి

మా సైడు సౌండ్ వాళ్ళు ఇద్దరు కలిస్తే మాట్లాడుకునేవి రెండే: రాని బాకీలు, కొత్త మిక్సర్లు. బాకీల సంగతి అందరిదీ ఒకటే కాబట్టి వదిలేద్దాం. మైకుల, వాయిద్యాల శబ్దాలని కలిపి సరిచేసే ఈ మిక్సర్ల గురించి మాత్రం ఇవాళ కాస్త గట్టిగానే రాస్తాను, ఎవరేమనుకున్నా సరే.

మొన్న పక్క ఊరి కుర్రాడు ఫోన్ చేశాడు. పెళ్ళిళ్ళు, వినాయక చవితి పందిళ్ళు, క్రిస్మస్ కూటాలు చేసుకునే చిన్న మైక్ సెట్ అతనిది. పాత అనలాగ్ మిక్సర్ అమ్మేసి, లోపల కంప్యూటర్‌లా పనిచేసే డిజిటల్ కొంటాడట. "అన్నా, 32 ఛానెళ్ళది తీసుకోనా, 48ది తీసుకోనా?" అన్నాడు. నీ ప్రోగ్రాముల్లో ఒకేసారి ఎన్ని మైకులు తెరిచి ఉంటాయి తమ్ముడూ అంటే, కాసేపు లెక్కేసుకుని పధ్నాలుగు అన్నాడు. మరి 48 దేనికి? "రేపు పెద్ద ప్రోగ్రాం వస్తే?" ఈ రేపటి ప్రోగ్రాం కోసం అప్పు చేసినవాళ్ళని చాలామందిని చూశాను.

అసలు మనలాంటి వాళ్ళకి డిజిటల్ అందిందే 2012లో బెహ్రింగర్ ఎక్స్32 వచ్చాక. అంతకుముందు యమహా డిజిటల్ మిక్సర్లని పెద్ద ఈవెంట్లలో దూరం నుంచి చూసి దణ్ణం పెట్టుకోవడమే. సరే, ఎక్స్32 పేరులో 32 ఉంది కదా అని ముందు 32 ఫేడర్లు (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీటలు) ఉండవు. ఎడమ పక్క 16, కుడి పక్క 8, మెయిన్ ఒకటి. దాని తమ్ముడు కాంపాక్ట్‌లో మొత్తం 17. అలెన్ అండ్ హీత్ కంపెనీ ఎస్‌క్యూ 5, 6, 7 మిక్సర్లు చూడండి. మూడింట్లోనూ అవే 48 ఇన్‌పుట్ ఛానెళ్ళు, అదే ఇంజను. వెనక మైక్ సాకెట్లు 16, 24, 32. ముందు ఫేడర్లు 17, 25, 33. కంపెనీవాడే మోడల్ మోడల్‌కీ చేతికి అందే వాటిని పెంచి ధర పెంచుతున్నాడు. మనం మాత్రం లోపల దాగున్న ఛానెళ్ళని లెక్కపెడతాం.

మిగతా ఛానెళ్ళన్నీ లేయర్ల వెనక, అంటే పుస్తకంలో పేజీల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. బటన్ నొక్కితే ముందుకొస్తాయి. ఇంట్లో కూర్చుని చూస్తే ఇదేమంత పెద్ద విషయం కాదు. పెళ్ళిలో జీలకర్ర బెల్లం టైముకి పంతులుగారు కాలర్ మైకుతో సహా స్పీకర్ ముందుకొచ్చి నిలబడతారు చూడండి, అప్పుడు తెలుస్తుంది. మైకు గుయ్యిమని కూస్తుంది. మండపంలో ఉన్న ప్రతి తలా నీ వైపే తిరుగుతుంది. ఆ క్షణంలో పంతులుగారు మొదటి లేయరా, రెండోదా అని ఆలోచించాల్సి వచ్చిందంటే నీ పని అయిపోయినట్టే.

నా కథే చెబుతాను. డిజిటల్ కొన్న కొత్తలో ఒక ఆర్కెస్ట్రా ప్రోగ్రాం. కీబోర్డు అతను తన మానిటర్లో (స్టేజీ మీద వాయించేవాళ్ళు వినేందుకు పెట్టే స్పీకర్‌లో) పాట వినపడట్లేదని సైగ చేశాడు. సెండ్స్ ఆన్ ఫేడర్ బటన్ నొక్కాను. అది నొక్కితే ఫేడర్లన్నీ టకటకా కదిలి, ఆ మానిటర్‌కి ఎవరెవరు ఎంత వెళ్తున్నారో చూపిస్తాయి. అతనికి కావలసింది ఇచ్చాను. బటన్ తీయడం మర్చిపోయాను. ఈలోగా కమిటీ పెద్దాయన వచ్చి "ఏవయ్యా, అమ్మాయి గొంతు రావట్లేదు, పెంచు" అన్నాడు. పెంచాను. "ఇంకా పెంచు." ఇంకా పెంచాను. పెంచిందంతా కీబోర్డు అతని చెవి పక్క మానిటర్లోకి పోయింది. అది వేసిన కూతకి అతను వాయిస్తున్న పాట వదిలేసి లేచి నిలబడ్డాడు. ఆ బటన్ మీద లైటు వెలుగుతూనే ఉంది, నేనే చూడలేదు. అనలాగ్ మీద ఈ తప్పు చేయడం కుదరదు. అక్కడ ఒక నాబ్‌కి ఒకటే పని.

అలాగని అనలాగ్‌కి తిరిగి పొమ్మనను. ఒక్క సీన్ (మొత్తం సెట్టింగులు) సేవ్ చేసుకునే సదుపాయం చాలు, నేను మళ్ళీ వెనక్కి వెళ్ళను.

ఇక ఫేడర్లే లేకుండా ట్యాబ్లెట్ మీద నడిచే రాక్ మిక్సర్లు. పేరు అనవసరం. తేలిక, చవక, ఆటోలో పడేసుకుని పోవచ్చు, అన్నీ నిజమే. ఒక రిసెప్షన్‌కి తీసుకెళ్ళాను. సాయంత్రం ఐదింటికి ఖాళీ హాల్లో అద్భుతంగా పనిచేసింది. ఎనిమిదింటికి జనం నిండారు. అందరి జేబుల్లో ఫోన్లు, సగం మందివి హాట్‌స్పాట్ ఆన్‌లో. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానికొకటి అడ్డం రాని దారులు (వైఫై ఛానెళ్ళు) మూడే: 1, 6, 11. నా ట్యాబ్లెట్ స్క్రీన్ మీద చక్రం తిరగడం మొదలైంది. స్టేజీ మీద మావయ్యగారు ఆశీర్వచనం చెబుతుంటే నేను రౌటర్ పట్టుకుని కుర్చీల మధ్య పరిగెత్తాను. అలాంటిది కొంటే లోపలున్న వైఫైని నమ్మకండి. 5 గిగాహెర్ట్జ్ రౌటర్ విడిగా పెట్టుకోండి, లేదా ఒక ల్యాప్‌టాప్‌ని వైరుతో కలిపి ఉంచుకోండి.

మిక్సర్ శబ్దాన్ని సెకనుకి 96 వేలసార్లు కొలవాలా, 48 వేలసార్లు చాలా, అంటే 96 కిలోహెర్ట్జా, 48ఆ అనే గొడవ ఇంకోటి. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినదు, దానికి 48 చాలు. 96 వల్ల శబ్దం మిక్సర్ దాటి రావడానికి పట్టే ఆలస్యం తగ్గుతుందనేది నిజమే, ఎస్‌క్యూలో అది 0.7 మిల్లీసెకన్ల లోపు. కానీ ఒక మిల్లీసెకనులో ధ్వని వెళ్ళేదే 34 సెంటీమీటర్లు. సింగర్ మానిటర్ నుంచి అడుగు వెనక్కి వేస్తే అంతకంటే ఆలస్యం. పక్కనే జనరేటర్, నెత్తిన ఫ్యాన్లు, వెనక బూరెల బాణలి, ఇందులో తేడా వినేదెవరండీ?

ఆ మిగిలే డబ్బుతో యూపీఎస్ కొనండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు అనలాగ్ మిక్సర్‌కి ఏమీ కాదు, రాగానే పలుకుతుంది. డిజిటల్ కంప్యూటర్‌లా మొదట్నుంచి లేవాలి. అంతసేపూ హాలంతా నిశ్శబ్దం, నీకు టెన్షన్. స్టేజ్ బాక్స్‌కి (స్టేజీ మీద మైకు వైర్లు గుచ్చే పెట్టెకి) వేసే నెట్‌వర్క్ కేబుల్ కూడా షీల్డ్ ఉన్నదే, మెటల్ కనెక్టర్ ఉన్నదే తీసుకోండి. ఇంటర్నెట్ వాళ్ళు వదిలేసిన ముక్క వేస్తే మధ్యలో టప్ టప్ మంటుంది. ఇంకో మాట, నిమజ్జనం రోజు గులాల్ చల్లే చోట మిక్సర్ మీద గుడ్డ కప్పండి. మోటార్ ఫేడర్లోకి ఆ పొడి దిగితే అది ఎక్కడ ఆగాలో అక్కడ ఆగదు.

మా నాన్నది ఆహూజా యాంప్లిఫైయర్, రేకు హారన్లు, రెండు మైకుల కాలం. తర్వాత మిక్సర్ కొన్నప్పుడు ఫేడర్ల కింద తెల్ల ప్లాస్టర్ అంటించి బాల్‌పెన్నుతో రాసేవాడు: పంతులు, సన్నాయి, డోలు. ఎక్కడికెళ్ళినా అదే వరస. కళ్ళు మూసుకుని కూడా చెయ్యి పంతులు మీద పడేది. నేనిప్పుడు నా డిజిటల్‌లో మొదటి లేయర్ అచ్చం అలాగే పెట్టుకున్నాను.

ఇదంతా చెప్పి, షాపుకెళ్ళి కళ్ళు మూసుకుని సింగర్ ఫేడర్ మీద చెయ్యి పెట్టి చూడు తమ్ముడూ అన్నాను. నిజంగానే వెళ్ళాడు. షాపాయన చూసి "ఏం బాబూ, బోణీ దణ్ణమా?" అన్నాడట. ఏది కొన్నాడో ఇంకా చెప్పలేదు.