వెదురు ఊరిది, పర్మిట్ పుస్తకం ఎవరిది?

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. ఊరి అడవి మీద సామూహిక హక్కు కోసం గ్రామసభ పెట్టుకునే దరఖాస్తు (ఫారం-సి), పొలిమేరల గుర్తింపు, జిల్లా కమిటీ దాకా ఎక్కే మెట్లు తెలిసిన సంగతే. అసలు గొడవ హక్కు పత్రం చేతికొచ్చాక మొదలవుతుంది. నరికిన బొంగు లారీ ఎక్కాలంటే రవాణా పర్మిట్ కావాలి. ఆ పుస్తకం ఎవరి బీరువాలో ఉంటే అడవి వాళ్లదే. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా మెండా-లేఖా గ్రామానికి 2009లో హక్కు దక్కినా, పుస్తకం గ్రామసభ చేతికి వచ్చింది 2011లో! పర్మిట్ ఇచ్చే అధికారం గ్రామసభ కమిటీదేనని 2012 సవరణ నిబంధనలు తేల్చాయి. అయినా చాలాచోట్ల చెక్‌పోస్టు దగ్గర అటవీశాఖ పాత ముద్రకే విలువ.

ఊరికి వదిలేస్తే గుట్టలు బోడి అవుతాయన్నది అవతలి వాదన. భయం అర్థం లేనిదేమీ కాదు. కానీ పొదను పాడుచేసేది ఎవరో పొద దగ్గరికెళ్లి చూస్తే తెలుస్తుంది.

సాధనపు వెదురు అనే రకంలో పిలకలు పొద అంచున పుడతాయి, ముదురు బొంగులు నడుమ ఇరుక్కుని ఉంటాయి. కట్టకింతని కూలి లెక్కగడితే చేతికందే అంచు బొంగులే తెగుతాయి. కొన్నేళ్లకు నడుమ చిక్కుపడి, వచ్చేవన్నీ వంకర బొంగులే. సరిగా నరకాలంటే కొత్త పిలకలు లేని వైపు నుంచి గుర్రపు లాడంలా దారి చేసుకుని లోపలికి వెళ్లాలి. పొరలు ఊడని ఏడాది బొంగునూ, రెండేళ్లదాన్నీ ముట్టకూడదు. పొదకు కనీసం 8-10 ముదురు బొంగులు మిగలాలి. నేలకు జానెడు ఎత్తున, కణుపుకు ఆనుకుని పైన కోయాలి. కణుపు పైన గొట్టం మిగిలితే నీళ్లు నిలిచి మొదలు కుళ్లుతుంది. వానాకాలంలో కత్తి దించితే లేత పిలకలు విరుగుతాయి. అడవిని నాలుగు కూపులు (వంతులవారీగా నరికే భాగాలు) చేసుకుంటే ఏటా ఒకటి నరకొచ్చు. ఇంత ఓపిక నాలుగేళ్ల తర్వాత మళ్లీ అదే పొదకు వచ్చేవాడికే ఉంటుంది, కట్టలు లెక్కపెట్టించుకుని వెళ్లిపోయేవాడికి కాదు.

ఇది వెదురుతో ఆగే జబ్బు కాదు. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలు 29 అంశాలను పంచాయతీల కోసం జాబితా కట్టింది. చిన్నతరహా అటవీ ఉత్పత్తులు అందులో ఏడోది. చెత్త ఎత్తడం, వీధి దీపాలు సర్పంచ్ మెడకు చుట్టుకుంటాయి. సొమ్ము, సంతకం మాత్రం పైన ఉండిపోతాయి. బాధ్యత కిందికి దించి రసీదు పుస్తకం దగ్గర పెట్టుకోవడం మన పాలనకు అలవాటైన విద్య.

హక్కు పత్రాలు పంచే వేదిక మీదే పర్మిట్ పుస్తకాలూ ఇవ్వాలి. అందులో గళ్లు ఎక్కువేం అక్కర్లేదు: ఏ కూపు, ఎన్ని బొంగులు, ఏ లారీ, ఎక్కడికి.