సవరణ: ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి చూసే పరీక్ష

నడుపుతుంటే బండి వణికితే "ముందు షాఫ్ట్ (ముందు చక్రాల వైపు శక్తిని తీసుకెళ్లే తిరిగే గొట్టం) విప్పి నడపండి, వణుకు పోతే లోపం అక్కడే" అని ఇంతకుముందు ఇచ్చిన సలహా పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే) బండ్లకే వర్తిస్తుంది. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే ఫుల్ టైమ్ బండిలో సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక షాఫ్ట్‌లకు శక్తి పంచే గేర్ల అమరిక) లాక్ చేయకుండా షాఫ్ట్ తీస్తే బండి కదలదు. అంతకన్నా ప్రమాదం, గేరు పార్క్‌లో ఉన్నా వాలులో జారిపోతుంది. చక్రాలకు అడ్డు పెట్టకుండా బండి కిందికి దూరొద్దు. సెంటర్‌లో విస్కస్ కప్లింగ్ (చిక్కటి ద్రవం ద్వారా శక్తి అందించే భాగం) మాత్రమే ఉన్న బండిలో ఈ పరీక్షే వద్దు, అది వేడెక్కి పాడవుతుంది.

ఫ్రీ వీల్ హబ్‌లున్న (ముందు చక్రాలను యాక్సిల్ నుంచి విడదీసే వీలున్న) బండిలో అసలు బోల్టు విప్పే పనే లేదు. టూ హైలో (వెనక చక్రాలకే శక్తి వెళ్లే మామూలు స్థానంలో) హబ్‌లు ఫ్రీగా ఉంటే ముందు షాఫ్ట్ తిరగదు. అప్పుడూ వణుకు ఉంటే షాఫ్ట్ తీసినా తేలేదేమీ లేదు, వెనక వైపు చూడండి. హబ్‌లు లాక్ చేశాకే వస్తే ముందు షాఫ్ట్, డిఫరెన్షియల్, యాక్సిల్ జాయింట్లను అనుమానించాలి.

వణుకు వేగమూ ఆచూకీ చెబుతుంది. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లయితే 80 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు సుమారు 10 సార్లు తిరుగుతుంది. యాక్సిల్ నిష్పత్తి (చక్రం ఒకసారి తిరిగితే షాఫ్ట్ ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ లెక్క) 4.1 అయితే షాఫ్ట్ 41 సార్లు. స్టీరింగ్ నెమ్మదిగా ఊగితే టైరు, బండి ఫ్లోర్ సన్నగా జుమ్మంటే షాఫ్ట్. యూనివర్సల్ జాయింట్ (షాఫ్ట్ కొసన వంగే కీలు) కోణం తేడా అయితే వణుకు షాఫ్ట్ వేగానికి రెట్టింపు, సెకనుకు 82 సార్లు.

విప్పేముందు రెండు ఫ్లాంజ్‌లపైనా (బోల్టులతో ఒకదానికొకటి బిగించే అంచులపైనా) పెయింటు గుర్తు పెట్టండి. తిప్పి బిగిస్తే కొత్త వణుకు రావచ్చు.