కుండలినికి లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా?

రెండు వందల గజాల ప్లాటు కొనేటప్పుడు మనవాళ్లు పడే జాగ్రత్త అందరికీ తెలిసిందే. ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తారు. లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపిస్తారు. బావమరిదిని వెంటేసుకుని నాలుగు హద్దులూ తిరిగొస్తారు. అదే మనిషికి, వెన్నెముక అడుగున మూడున్నర చుట్లు చుట్టుకుని నిద్రపోతున్న కుండలిని శక్తిని రెండు రోజుల్లో లేపి నడినెత్తిన సహస్రారంలో దింపుతామని వాట్సాప్‌లో పోస్టరు వస్తే, ఆస్తి ఎవరి పేరున ఉందని కూడా అడక్కుండా డబ్బు పంపేస్తాడు. అందుచేత ప్రజాప్రయోజనార్థం ఈ లీగల్ ఒపీనియన్ తయారు చేయడమైనది. మీభూమిలో వెతికినా వివరాలు రావు గనక పాత దస్తావేజులే దిక్కు.

మొదటి హక్కుదారు హఠయోగం. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపికలో మూడో అధ్యాయం మొదటి శ్లోకమే పట్టా. కొండలతో, అడవులతో ఉన్న భూమికి ఆదిశేషుడు ఎలా ఆధారమో, యోగతంత్రాలన్నిటికీ కుండలి అలా ఆధారమట. ఆ అధ్యాయంలోనే మహాముద్ర నుంచి శక్తిచాలనం దాకా పది ముద్రలు చెప్పారు. వాటికి ముందు, రెండో అధ్యాయంలో, ఊపిరి బంధించే ఎనిమిది కుంభకాలు. కుంభకాలకు ముందు, ప్రాణం నడిచే దారులు శుభ్రపడే నాడీశుద్ధి. కొవ్వు, కఫం ఎక్కువున్నవాళ్లకైతే దానికీ ముందు ధౌతి, నేతి వగైరా ఒళ్లు లోపల కడిగే షట్కర్మలు. ఇంత వరుస ఉండగా "మేం హఠయోగం చెయ్యమండీ, డైరెక్టుగా కుండలినీ యోగమే" అనేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. డోరు నంబరు కొనుక్కున్నారు, ఇల్లు మాత్రం వద్దంటున్నారు.

రెండో హక్కుదారు రాజయోగం తరఫున యోగసూత్రాలు రాసిన పతంజలిని పిలిచి చూశాం. 195 సూత్రాల్లో (196 అనేవారూ ఉన్నారు, ఆ తగాదా వేరే కోర్టులో నడుస్తోంది) కుండలిని పేరు ఒక్కచోటా లేదు. నాభిచక్రం మీద సంయమం చేస్తే, అంటే మనసంతా అక్కడే నిలిపితే, శరీరం లోపలి అమరిక తెలుస్తుందని ఒక్క సూత్రం ఉంది, అంతే. ఆసనం గురించి ఆయన ప్రధానంగా అడిగింది స్థిరంగా, సుఖంగా ఉండమని. మరి రాజయోగం ఖాతాలోకి కుండలిని ఎలా వచ్చిందంటే, 1896లో వచ్చిన వివేకానందుడి రాజయోగంలో వెన్నెముక నడిమి నాడి సుషుమ్న, దాని అడుగున మూలాధారం, కుండలిని అన్నీ పతంజలి పక్కనే కూర్చున్నాయి. ఆ మ్యుటేషన్ వాడుకలో అలాగే నిలిచిపోయింది. స్వాత్మారాముడిని అడిగితే అసలు తగాదాయే లేదంటాడు: హఠం రాజయోగానికి మెట్లు అని మొదట్లోనే రాశాడు, నాలుగో అధ్యాయంలో రాజయోగం, సమాధి, ఉన్మని, లయం ఒకదానికి ఒకటి పర్యాయపదాలన్నాడు. వేరు కాపురాలు పెట్టించింది తరవాతివాళ్లు.

గీతది ఇంకా విచిత్రం. ఆరో అధ్యాయంలో కృష్ణుడు దర్భలు, జింకచర్మం, గుడ్డ, కూర్చునే చోటు ఎత్తు, మెడ నిలుపు అన్నీ చెప్పాడు గాని కుండలిని ఊసెత్తలేదు. 1290లో జ్ఞానేశ్వరుడు మరాఠీలో వ్యాఖ్యానం రాస్తూ, తన అన్నగారి ద్వారా అందిన నాథ సంప్రదాయాన్ని తెచ్చి సరిగ్గా ఆ శ్లోకాల దగ్గరే కుండలినిని లేపి నిలబెట్టాడు. మూలంలో లేని సర్వే నంబరు సబ్‌డివిజన్‌లో ప్రత్యక్షమైంది.

జ్ఞానయోగి వాంగ్మూలం క్లుప్తం: భూమీ లేదు, కొనేవాడూ లేడు. ఆయన్ను పంపించేశాం. కాకపోతే అద్వైతం చెప్పిన శంకరుల పేరు మీదే సౌందర్యలహరి కూడా సంప్రదాయంలో ఉంది, అందులోని తొమ్మిదో శ్లోకం నిఖార్సైన హద్దుల పత్రం.

ఇక్కడ కాస్త ఆగాలి. కుండలిని పైకి వెళ్తూ దాటే మజిలీలే చక్రాలు. ఆ శ్లోకం ప్రకారం వాటిలో మూలాధారంలో భూమి, మణిపూరంలో నీరు, స్వాధిష్ఠానంలో అగ్ని. 1577లో పూర్ణానందుడు రాసిన షట్చక్ర నిరూపణం ప్రకారం నీరు స్వాధిష్ఠానంలో, అగ్ని మణిపూరంలో. రెండూ మాన్యమైన దస్తావేజులే, రెండిటికీ ఉపాసకులున్నారు, రెండు హద్దులూ కలవవు. చక్రాల సంఖ్య కూడా అన్నిచోట్లా ఆరు కాదు. గోరక్షనాథుడి పేరున్న సిద్ధసిద్ధాంత పద్ధతి తొమ్మిది చెబుతుంది. ఎవరి పరంపరలో దీక్ష తీసుకున్నారో ఆ పరంపర కొలతలే వాళ్లకు కొలతలు. ఒకచోట బీజాక్షరం, ఇంకోచోట తత్త్వం, మరోచోట రంగు తెచ్చి కలిపి ధ్యానం చేయిస్తే, ఆ ప్లాటు ఏ లేఅవుట్‌లోనూ ఉండదు.

రంగులంటే గుర్తొచ్చింది. యోగా సెంటర్ల గోడల మీద ఎరుపు నుంచి ఊదా దాకా ఇంద్రధనుస్సు వరుసలో ఏడు చక్రాల పటం ఉంటుంది కదా. పూర్ణానందుడి లెక్కలో మణిపూరం దళాలు వానమబ్బు రంగు, అనాహతం మంకెనపువ్వు ఎరుపు, ఆజ్ఞ చంద్రుడిలా తెలుపు. అనాహతానికి ఆకుపచ్చ వేసింది 20వ శతాబ్దపు పాశ్చాత్యులు. పటం అసలుదా కాదా తెలుసుకోవడానికి సులువైన పరీక్ష దళాలు లెక్కపెట్టడం: 4, 6, 10, 12, 16, 2. మొత్తం 50, అక్షరమాలలోని అక్షరాలన్ని. ప్రతి దళం మీదా ఒక అక్షరం ఉండాలి. మంత్రయోగానికీ కుండలినికీ ఉన్న చుట్టరికం ఈ లెక్కలోనే ఉంది. ఆ అక్షరాలు చెరిపేసి రంగులు మాత్రం పూస్తే మిగిలేది గోడకు అందం.

ఫీల్డ్ ఇన్‌స్పెక్షన్ కూడా మన గడ్డ మీద ఎప్పుడో జరిగిపోయింది. వీరబ్రహ్మేంద్రస్వామి కథల్లో, స్వామి సిద్ధయ్యకు శరీరంలోని చక్రాలూ వాటిలోని దేవతలూ వివరిస్తుంటే కక్కయ్య చాటుగా విన్నాడు. ఇంటికెళ్లి నిద్రపోతున్న భార్యను కోసి చూశాడు. నెత్తురు తప్ప దేవతలెవరూ కనిపించలేదు. అబద్ధాలు చెప్పావంటూ స్వామి మీదికి తగాదాకు వెళ్లాడు. స్వామి వచ్చి ఆమెను బతికించాడు, చూడవలసినవి చూపించాడు గనక కథ సుఖాంతమైంది. చక్రాలను నరాల ముడులకూ గ్రంథులకూ ఒకటికొకటి జత కట్టి, స్కానింగులో కనిపిస్తాయేమో చూద్దామనేవాళ్లు కక్కయ్య శిష్యపరంపరగా నమోదు చేసుకోగలరు.

ఇక అందరికన్నా బలమైన హక్కుదారు కోర్టు మెట్లు ఎక్కనే లేదు. ప్రతి శుక్రవారం పీట మీద కూర్చుని లలితా సహస్రనామం చదివే ఇల్లాలు. మూలాధారైకనిలయా, బ్రహ్మగ్రంథివిభేదినీ అని మొదలుపెట్టి మణిపూరం, ఆజ్ఞ దాటించి, సహస్రారాంబుజారూఢా అనిపించి, మహాశక్తిః కుండలినీ బిసతంతుతనీయసీ అనే సరికి మొత్తం ప్రయాణం అయిపోతుంది. అరనిమిషం పట్టదు. ఫీజు లేదు, తెల్లబట్టలు అక్కర్లేదు. భక్తియోగమా, మంత్రయోగమా, కుండలినీ యోగమా అని అడిగితే "పూజండీ" అంటుంది. తరాలుగా నిరాటంకంగా అనుభవంలో ఉన్న ఆస్తి ఇది.

సొంత బోర్డుతో కుండలినీ యోగం అనే వెంచర్ ప్రపంచమంతటా తెరుచుకున్నది మాత్రం ఆలస్యంగానే. ఢిల్లీ విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారిగా పనిచేసిన హర్భజన్ సింగ్ 1968లో కెనడా మీదుగా లాస్ ఏంజెలెస్ చేరి, యోగి భజన్‌గా మారి, 1969లో సంస్థ పెట్టాడు. తెల్లబట్టలు, తలపాగా, "ఓంగ్ నమో గురుదేవ్ నమో", 3, 11, 31, 62 నిమిషాల లెక్కన క్రియలు అక్కడివే. వాటిని వేల ఏళ్ల రహస్యమన్నారు. ఆ వరుసల కోసం ప్రదీపిక తిరగేస్తే దొరకవు. ఆయన పోయిన చాలా ఏళ్లకు, 2020లో, అనుయాయుల సంస్థలే చేయించిన విచారణలో లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు నిజమయ్యే అవకాశమే ఎక్కువని తేలింది. మన ఫంక్షన్ హాళ్లలో జరిగే శిబిరాలు తలపాగా వదిలేసి, నిమిషాల లెక్కా స్పీకర్లూ ఉంచుకున్నాయి.

ఆ శిబిరాల్లో ప్రధాన ఘట్టం వేగశ్వాస. ఇందులో మూడు వేరువేరు పనులున్నాయి. కపాలభాతిలో వదలడమే బలంగా, తీసుకోవడం దానంతటదే. భస్త్రికలో రెండూ బలంగా. భజన్ వర్గం వారి అగ్నిశ్వాసలో రెండూ సమానంగా, భస్త్రికకన్నా తేలికగా, బొడ్డు దగ్గరి కదలికతో. మన హాల్లో మూడూ కలిపి కొట్టిస్తారు. భస్త్రిక కుండలిని త్వరగా లేపుతుందని ప్రదీపిక కూడా ఒప్పుకుంది. కాని అలసట రాగానే ఆపి, కుడి ముక్కుతో పీల్చి, బంధించి, ఎడమ ముక్కుతో వదలమంది. ఆ రెండో సగం దగ్గరికి వచ్చేసరికి డప్పుల ట్రాక్ ఇంకా అయిపోదు, అంచేత ఆపరు.

ఆపకపోతే జరిగేది ఇది. రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ మితిమీరి బయటికి పోతుంది. రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది, అందులో విడిగా ఉండే కాల్షియం తగ్గుతుంది, నరాలు ఊరికే ఉలిక్కిపడతాయి. మొదట పెదాల చుట్టూ, వేలికొసల్లో తిమ్మిరి. తర్వాత వేళ్లు దగ్గరికి బిగుసుకుపోతాయి. మెదడుకు వెళ్లే రక్తనాళాలు సన్నబడి తల తేలిపోతుంది. ఈ దశలో మైకులో "శక్తి కదులుతోంది, ఆపకండి" అని వినిపిస్తుంది. కదులుతున్నది ఊపిరితిత్తుల్లోని గాలి. వెంటనే ఆపి, ముక్కుతో నెమ్మదిగా, తీసుకునేదానికన్నా వదిలేది పొడుగ్గా ఉండేట్టు శ్వాస తీస్తే కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆసుపత్రికి వెళ్లాలి. రక్తపోటు, గుండెజబ్బు, మూర్ఛ, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు ఈ వేగశ్వాస, ఊపిరి బంధించే పనుల జోలికే పోకూడదు. వణుకు వచ్చిందని సర్టిఫికెట్ అడిగేవారికి ఇంకో మాట: ప్రాణాయామంలో చెమట అధమం, వణుకు మధ్యమం అని ప్రదీపిక గ్రేడు వేసింది. ఉత్తమంలో కుదుపే ఉండదు.

గొంతు, పొట్ట, మూలం దగ్గర బిగించే బంధాల సంగతి కూడా అంతే. గాలి పూర్తిగా వదిలేశాక జాలంధరం, ఉడ్డియానం, మూలబంధం వరుసగా వేసి, మూలబంధంతో మొదలుపెట్టి వెనక్కి విప్పాలనేది వాడుకలో ఉన్న ఒక క్రమం. జాలంధరంలో ఛాతీ పైకి లేపి గడ్డాన్ని ఆనించాలి. ఛాతీ లేపకుండా తల వాల్చేస్తే మెడ పట్టేస్తుంది, గొంతు మూసుకోదు. ఉడ్డియానానికి కడుపు ఖాళీగా ఉండాలి, తిన్నాక కనీసం నాలుగు గంటలు. శిబిరంలో ఒంటిగంటకు భోజనం, రెండున్నరకు ఈ మూడూ కలిపిన మహాబంధం. లోపల లేచేది పులిహోర.

జాగ్రత్తగా చేసినా గండం లేదని కాదు. కశ్మీరీ గుమాస్తా గోపీకృష్ణ పదిహేడేళ్లు ధ్యానం చేశాక 1937లో కుండలిని లేచింది. ఆ తర్వాత ఒళ్లంతా మంట, నిద్ర లేకపోవడం, పిచ్చెక్కుతుందన్న భయం చాలాకాలం వెంటాడాయి. శక్తి సుషుమ్నలో కాక కుడివైపు నాడి పింగళలో పోయిందని ఆయన అనుకున్నాడు. పక్కన తెలిసిన గురువు లేడు. సింహాన్ని, ఏనుగును, పులిని లొంగదీసినట్టు ప్రాణాన్ని మెల్లమెల్లగా లొంగదీయాలి, లేకపోతే చంపుతుందని ప్రదీపిక ఊరికే అనలేదు.

చివరగా ఈసీ. ఈ ఆస్తి మీద భారాలేమిటో ఎవరూ చూసుకోరు. ప్రదీపిక మొదటి అధ్యాయంలో అపథ్యాల జాబితా ఉంది: కారం, పులుపు, ఉప్పు, నూనె, నువ్వులు, ఆవాలు, పెరుగు, మజ్జిగ, ఉలవలు, ఇంగువ, వెల్లుల్లి, చేప, మాంసం, మద్యం. ఆవకాయ ఒక్కటే ఇందులో సగం నేరాలు చేస్తుంది. ఉలవచారు, ఇంగువ పోపు, పెరుగన్నం కూడా ముద్దాయిలే. తినదగినవి గోధుమ, బియ్యం, పాలు, నెయ్యి, పటికబెల్లం, శొంఠి, పొట్లకాయ, పెసలు. అవి కూడా కడుపులో పావువంతు ఖాళీ ఉంచి. ఇక సాధన చేసే గది చిన్న తలుపుతో, కిటికీలు లేకుండా, పేడతో అలికి ఉండాలి. త్రీ బీహెచ్‌కే కొన్నవారు బాల్కనీ విషయం ఆలోచించుకోవాలి.

అర్హత సంగతి శివసంహిత చూసుకుంటుంది. సాధకులను నాలుగు రకాలు చేసి, మృదువుకు మంత్రయోగం, మధ్యముడికి లయయోగం, అధిమాత్రుడికి హఠం, ఆ పైవాడికి అన్నీ అని పంచింది. మృదువు అంటే ఎవరంటే ఉత్సాహం తక్కువ, రోగిష్ఠి, గురువును తిట్టేవాడు, పిసినారి, తిండిపోతు. రిజిస్ట్రేషన్ ఫారంలో ఈ గడులు పెడితే నిజాయితీగా టిక్కు పెట్టేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే తేలతాం. మనకు సిద్ధి పన్నెండేళ్లకట. అధిమాత్రుడికి ఆరు, అందరికన్నా పై తరగతివాడికి మూడు. శిబిరం శని, ఆదివారాలు. మిగతా పదకొండేళ్ల మూడు వందల అరవై మూడు రోజులు ఏ హెడ్ కింద సర్దారో నిర్వాహకుల చేత రసీదు మీద రాయించుకోండి, జీఎస్టీ నంబరుతో సహా.