కార్డ్ బొమ్మలు సరే, వాటిలో 'స' ఎక్కడుందో ఎవరు చెప్తారు?

గిటార్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు చార్ట్ ముందు పెట్టుకుని ఒక్కో కార్డ్ (కొన్ని స్వరాలని ఒకేసారి మోగించే పట్టు) బొమ్మనీ విడివిడిగా బట్టీ పట్టడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. జి మేజర్ ఒక బొమ్మ, జి షార్ప్ మేజర్ ఇంకో బొమ్మ, ఎ మేజర్ మరో బొమ్మ. ఎన్నని గుర్తుంటాయి? ఈ మూడింటినీ ఒకే షేప్‌తో వాయించొచ్చు. చెయ్యి ఒక్కో ఫ్రెట్ (మెడ మీది లోహపు గీతల మధ్య గడి) పైకి జరుగుతుంది, అంతే. ఈ ఒక్క మాట మొదటి నెలలోనే ఎందుకు చెప్పరో నాకిప్పటికీ అర్థం కాదు.

నేనూ రెండేళ్లు అలాగే నేర్చుకున్నాను. నాకు నేర్పినాయన చాలా ఓపికగా నేర్పేవారు. కానీ కార్డ్ పేరు, వేళ్లు పెట్టే చోటు తప్ప మూడో మాట చెప్పేవారు కాదు. ఒకరోజు ప్రాక్టీస్‌లో జి, సి, డి మూడు కార్డ్స్‌తో నడిచే పాట వాయిస్తున్నాను. పాడే అమ్మాయి, "అన్నా, కింది స్వరాలు పలకట్లేదు, శ్రుతి ఒక్క ఫ్రెట్ పెంచవా" అంది. అంటే జి షార్ప్, సి షార్ప్, డి షార్ప్. చేతిలో కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే క్లిప్పు) లేదు. ఆ మూడు బొమ్మలూ నేను ఎప్పుడూ నేర్చుకోలేదు. గిటార్ ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాను, తను పాట మొత్తం ఒక్కతే పాడుకుంది.

నాకు ఆ రోజు కావాల్సింది రెండంటే రెండు షేపులు. మామూలు ఇ మేజర్ తీసుకోండి. అందులో ఏమీ నొక్కకుండా వదిలేసే తీగలకి నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) ఆధారం. చూపుడు వేలిని ఆ నట్‌కి బదులుగా అడ్డంగా పెడితే అదే షేప్‌ని ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. 3వ ఫ్రెట్‌లో పెడితే జి. ఎ మేజర్ షేప్‌ని అదే 3వ ఫ్రెట్‌లో పెడితే సి, 5వ ఫ్రెట్‌లో పెడితే డి. మూడు కార్డ్స్‌కి 3, 3, 5. శ్రుతి పెంచమంటే 4, 4, 6. పాట ఏ శ్రుతిలో ఉన్నా ఇదే లెక్క: ఇ-షేప్ పెట్టిన చోట స, అదే ఫ్రెట్‌లో ఎ-షేప్ పెడితే మధ్యమం మీది కార్డ్, రెండు ఫ్రెట్లు పైన పెడితే పంచమం మీది కార్డ్.

కేపో ఉందిగా అంటారు. నేనూ వాడతాను, ఖాళీ తీగలు మోగే ఆ సౌండ్ నాకూ ఇష్టమే. కానీ పాట మధ్యలో శ్రుతి మారితే కేపో తీసి పెట్టే టైమ్ ఉండదు.

అయితే అసలు కోపం ఇక్కడే. షేప్ జరపొచ్చని చెప్పేవాళ్లు కూడా దాని లోపల ఏముందో చెప్పరు. ఇ-షేప్‌ని లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఒక్కొక్కటిగా మీటి చూడండి: స, ప, స, గ, ప, స. ఆరు తీగల్లో ఉన్నవి మూడే స్వరాలు. గాంధారం ఒక్కచోటే ఉంది, సన్న తీగ నుంచి లెక్కపెడితే మూడో తీగ మీద, మధ్య వేలి కింద. ఆ వేలు ఎత్తేస్తే అంతర గాంధారం ఒక్క ఫ్రెట్ దిగి సాధారణ గాంధారం అవుతుంది, మేజర్ మైనర్ అయిపోతుంది. వేలు మళ్లీ పెట్టి, ఈసారి నాలుగో తీగ మీదున్న చిటికెన వేలు ఎత్తండి. అక్కడి స కాస్తా రెండు ఫ్రెట్లు కింద ఉన్న కైశికి నిషాదానికి దిగి సెవెన్త్ కార్డ్ వస్తుంది. చార్ట్‌లో వీటికి మూడు బొమ్మలుంటాయి. స్వరాలు తెలిసినవాడికి ఒకటే షేప్, రెండు వేళ్ల పని.

ఇంకోటి చెప్తాను, ఇది తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఇ, ఎ, డి షేపులు మూడూ ఒకటే! గిటార్ శ్రుతి లావు తీగ నుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ. ప్రతి తీగా దాని ముందు తీగకి మధ్యమం, అంటే ఐదు ఫ్రెట్ల దూరం. జి నుంచి బికి మాత్రం నాలుగే, అంతర గాంధారం. కాబట్టి షేప్‌ని ఒక తీగ పక్కకి జరిపినప్పుడు మూడో తీగ నుంచి రెండో తీగకి వచ్చిన స్వరం ఒక ఫ్రెట్ పైకి జరగాలి. ఇ-షేప్‌ని ఇలా ఒక తీగ జరపండి, ఎ-షేప్ వస్తుంది. ఇంకో తీగ జరపండి, డి-షేప్ వస్తుంది. కాగితం మీద ఫ్రెట్ నంబర్లు రాసుకుని చూడండి, ఒక్కటి కూడా తప్పదు. రెండేళ్లు మూడు వేరువేరు బొమ్మలుగా మోసినవి ఇవే.

చూపుడు వేలిని ఇలా అడ్డంగా పెట్టి పట్టే బార్ కార్డ్స్ దగ్గర గిటార్ మానేసేవాళ్ల గురించి కూడా చెప్పాలి. దాదాపు అందరికీ మొదట ఇచ్చేది 1వ ఫ్రెట్‌లో ఎఫ్. అన్నిటికన్నా కష్టమైన చోటు అదే. నట్ పక్కనే ఉండటంతో తీగ అక్కడ బిగుసుగా ఉంటుంది, ఫ్రెట్లు కూడా అక్కడే వెడల్పు. 5వ ఫ్రెట్‌లో మొదలుపెట్టి రోజుకింత కిందికి దిగండి. ఇంకో సంగతి, ఇ-షేప్‌లో చూపుడు వేలు ఆరు తీగల్నీ నొక్కక్కర్లేదు. ఐదు, నాలుగు, మూడు తీగల్ని మిగతా వేళ్లు చూసుకుంటాయి. చూపుడు వేలికి మిగిలేవి ఆరు, రెండు, ఒకటి. వేలిని కొంచెం బొటన వేలి వైపు పక్కకి తిప్పితే ఎముక ఉన్న భాగం ఆనుతుంది. దీని మీద ఎవరూ టెన్షన్ పడొద్దు, మీ చేతిలో లోపం లేదు.

కేజ్డ్ (CAGED) పద్ధతి గురించి అడుగుతుంటారు. మంచిదే. సి, ఎ, జి, ఇ, డి అనే ఐదు షేపులూ అదే వరుసలో మెడ మీద ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని వస్తాయి. కానీ జి-షేప్‌ని పూర్తి బార్‌గా పట్టాలని వేళ్లు నొప్పి పెట్టుకోకండి, పాటల్లో దాన్ని అలా వాడే అవసరం దాదాపు రాదు. సన్న తీగల వైపు మూడు నాలుగు తీగల ముక్క చాలు. అసలు ఆరు తీగలూ మోగాలన్న పట్టుదల ఎందుకో! జాజ్ గిటారిస్ట్ ఫ్రెడీ గ్రీన్ 1937లో కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాలో చేరి 1987లో చనిపోయేదాకా, సుమారు 50 ఏళ్లు, రెండు మూడు తీగల చిన్న కార్డ్స్‌తోనే అంత పెద్ద బృందానికి నడక ఇచ్చాడు.

ఈ వారం సి మేజర్ ఒక్కటే పట్టుకోండి. మొదట మామూలు సి. తర్వాత 3వ ఫ్రెట్‌లో ఎ-షేప్, 5వ ఫ్రెట్ దగ్గర జి-షేప్ ముక్క, 8వ ఫ్రెట్‌లో ఇ-షేప్, 10వ ఫ్రెట్‌లో డి-షేప్, 12 దగ్గర మళ్లీ మొదటి సి. ప్రతిచోటా ఒక్కో తీగా మీటుతూ దాని స్వరం పైకి పలకండి. ఎ, ఇ, డి షేపుల్లో గాంధారం ఏ వేలి కింద ఉందో దొరికాక, ఆ వేలిని ఒక ఫ్రెట్ వెనక్కి జరిపి మళ్లీ మొత్తం మీటి వినండి.